ఈ సంవత్సరం కూడా ఉండనిమ్ము: క్రైస్తవ నిరీక్షణతో కొత్త ఏడాదికి సిద్ధపడే విధానం

లూకా సువార్త 13వ అధ్యాయంలో యేసు చెప్పిన ఒక ఉపమానం నాలుగు వచనాల్లోనే ముగిసిపోతుంది. ద్రాక్షతోటలో నాటిన అంజూరపు చెట్టు మూడేళ్లుగా కాయలేదు. యజమాని దాన్ని నరికివేయమన్నాడు. తోటమాలి మాత్రం, "అయ్యా, నేను దానిచుట్టు త్రవ్వి, ఎరువు వేయుమట్టుకు ఈ సంవత్సరముకూడ ఉండనిమ్ము" అని వేడుకున్నాడు. కొత్త సంవత్సరానికి ఇంతకంటే సరిపోయే మాట నాకు బైబిలులో మరొకటి కనిపించలేదు. ఆ చెట్టుకు దొరికిన ఏడాది అది సంపాదించుకున్నది కాదు, దాని తరఫున మరొకరు అడిగి ఇప్పించినది. అలాగని ఊరికే గడిచిపోయే ఏడాది కూడా కాదు, ఎందుకంటే అడిగినవాడే పార పట్టుకొని మొదలు దగ్గర మట్టి తవ్వడానికి సిద్ధపడ్డాడు. కృప, శ్రమ అనే ఈ రెండూ కలిసిన చోటే క్రైస్తవ నిరీక్షణ మొదలవుతుందని నా అభిప్రాయం. ఈ మార్గదర్శిలోని అడుగులన్నీ ఆ అభిప్రాయం మీదనే నిలబడి ఉన్నాయి.

ముందుగా నిరీక్షణ అనే మాట సంగతి చూద్దాం. మబ్బు పట్టినప్పుడు వాన పడుతుందేమోనని ఆకాశం వైపు చూడడం ఆశ; వస్తానని మాట ఇచ్చిన మనిషి కోసం దీపం వెలిగించి వాకిట్లో కూర్చోవడం నిరీక్షణ. రోమీయులకు రాసిన పత్రిక 8వ అధ్యాయంలో పౌలు, చూడనిదాని కోసం నిరీక్షించేవాళ్లం "ఓపికతో దానికొరకు కనిపెట్టుదుము" అంటాడు. కనిపెట్టుకొని ఉండడం అనే మన తెలుగు పలుకుబడి ఇక్కడ చక్కగా అమరింది. రోగిని కనిపెట్టుకొని ఉండేవారు, పంటను కనిపెట్టుకొని ఉండేవారు ఉత్తచేతులతో కూర్చోరు కదా.

జనవరి 1వ తేదీలో ప్రత్యేకమైన శక్తి ఏదీ లేదన్న విషయం కూడా మొదటే ఒప్పుకోవడం మంచిది. క్రీ.పూ. 153 నుంచి రోమా కాన్సులులు అనే ఉన్నతాధికారులు ఆ రోజున పదవి చేపట్టేవారు కాబట్టి అది సంవత్సరాదిగా స్థిరపడింది. ఇంగ్లండులో 1752 వరకు చట్టపరంగా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. సంఘ కాలమానాన్ని పాటించే క్రైస్తవులకు ఏడాది ఆగమన కాలంతో, అంటే క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల్లో మొదటిదానితో మొదలవుతుంది. నిర్గమకాండం 12వ అధ్యాయంలో మాత్రం దేవుడు, బానిసత్వం నుంచి బయటపడిన నెలనే మీకు మొదటి నెలగా లెక్కపెట్టుకోండని ఇశ్రాయేలీయులకు చెప్పాడు. తేదీ ఏదైనా, విడుదల నుంచి లెక్క మొదలుపెట్టడమే ఇందులో గ్రహించవలసిన సంగతి. కాబట్టి ఈ పుట మీ కళ్లబడినది మార్చి నెలలోనైనా ఆలస్యమైపోయిందని అనుకోనక్కరలేదు.

మొదటి అడుగు: రాళ్లు నిలబెట్టడం

సంవత్సరాంతంలో ఎవరూ కదిలించని రెండు గంటలు కేటాయించుకోండి. ఒక నోటుపుస్తకంలో 12 పేజీలకు 12 నెలల పేర్లు రాసి, ప్రతి నెలలో జరిగినవి గుర్తున్నంతవరకు రాయండి. జ్ఞాపకాన్ని ఒక్కదాన్నే నమ్ముకుంటే పని సాగదు, ఎందుకంటే జ్ఞాపకం గాయాలను, ఘనకార్యాలను దాచుకున్నంత శ్రద్ధగా మామూలు దినాలను దాచుకోదు. ఫోనులోని ఫోటోలు, బ్యాంకు ఖాతా వివరాలు, పాత సందేశాలు, బైబిలు అంచుల్లో పెన్సిలుతో రాసుకున్న తేదీలు ముందు పెట్టుకోండి.

ఒక ఏడాది నా పుస్తకంలో ఆగస్టు పేజీ ఖాళీగా ఉండిపోయింది. ఆ నెలలో చెప్పుకోదగ్గదేమీ జరగలేదనే అనుకున్నాను. ఫోటోలు వెనక్కి తిప్పుతూ పోతే, ఆసుపత్రి కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో మెడ వాల్చి నిద్రపోతున్న మా నాన్నగారి ఫోటో ఒకటి కనిపించింది. కుర్చీ కాలి దగ్గర మాది కాని ఎర్రమూత ఫ్లాస్కు ఒకటుంది. దాన్ని తెచ్చిపెట్టినవారు ఎవరో గుర్తుకు రావడానికి నాకు పావుగంట పట్టింది. సంఘంలో నాతో ఎన్నడూ రెండు మాటలకు మించి మాట్లాడని ఒక పెద్దాయన, వరుసగా నాలుగు రోజులు తెల్లవారుజామున కాఫీ తెచ్చి అక్కడ పెట్టి వెళ్లిపోయారు. నేను ఆయనకు కృతజ్ఞత చెప్పనేలేదు. ఆ రోజు నా ప్రార్థన స్తోత్రంతో కాదు, సిగ్గుతో మొదలైంది.

1 సమూయేలు 7వ అధ్యాయంలో సమూయేలు ఒక రాయి నిలబెట్టి, "ఇంతవరకు యెహోవా మనకు సహాయము చేసెను" అని చెప్పి దానికి ఎబెనెజరు, అంటే సహాయపు రాయి, అని పేరు పెట్టాడు. ఈ వచనాన్ని ఏటా వింటూనే ఉంటాం గాని, అదే గ్రంథం 4వ అధ్యాయాన్ని దీనితో కలిపి చదివేవారు తక్కువ. ఇశ్రాయేలీయులు ఫిలిష్తీయుల చేతిలో ఘోరంగా ఓడిపోయి, 30,000 మంది కాల్బలాన్ని, దేవుని మందసాన్ని పోగొట్టుకున్న యుద్ధంలో వారు దిగిన చోటి పేరు కూడా ఎబెనెజరే. ఓటమితో ముడిపడిన పేరే తరువాత సహాయానికి గుర్తు అయింది. కాబట్టి మీ 12 పేజీల్లో విజయాలను మాత్రమే రాసుకోకండి. మీకు జవాబు దొరకని ప్రార్థనలను, పోయిన ఉద్యోగాన్ని, ఖాళీ అయిన కుర్చీని కూడా రాయండి. ఆ పేజీల్లో సహాయం ఇంకా కనిపించకపోతే, కనిపించిందని బలవంతంగా రాయవద్దు. కీర్తనల గ్రంథంలో విలాప కీర్తనలు అన్ని ఉండడానికి కారణం, దేవుని ముందు అబద్ధమాడనక్కర లేకపోవడమే.

రెండో అడుగు: లెక్కలు సరిచేసుకోవడం

"వెనుక ఉన్నవి మరచి" అనే ఫిలిప్పీ 3వ అధ్యాయపు మాటను కొత్త ఏడాదిలో చాలామంది తమకు అనుకూలంగా వాడుకుంటారు. నిజానికి పౌలు ఆ అధ్యాయంలో ముందుగా ఏకరువు పెట్టినవి తన ఘనతలు: ఎనిమిదో దినాన సున్నతి, బెన్యామీను గోత్రం, పరిసయ్యుడన్న పేరు, ధర్మశాస్త్రం విషయంలో అనింద్యుడన్న ఖ్యాతి. సంఘాన్ని హింసించిన సంగతిని కూడా ఆ వరసలోనే ఒకప్పటి ఆసక్తికి గుర్తుగా చెప్పుకొచ్చాడు. పోయిన ఏడాది పొందిన మెప్పును కూడా వెనక వదిలేయమన్నది ఆయన ధోరణి గాని, అప్పు ఎగ్గొట్టి మరచిపొమ్మన్నది కాదు. సుంకం వసూలు చేసే జక్కయ్య యేసును తన ఇంట చేర్చుకొన్న రోజునే తన ఆస్తిలో సగం బీదలకు ఇస్తానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి చెల్లిస్తానని చెప్పాడు. మారుమనస్సుకు చేతులూ ఉంటాయి, సంచీ ఉంటుంది.

మీరు నొప్పించిన వారిలో ఒక్కరిని, లేదా ఇద్దరిని ఎంచుకోండి. అందరితో ఒకే వారంలో సమాధానపడాలని పెట్టుకుంటే ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేరు. "మీకు బాధ కలిగి ఉంటే క్షమించండి" అనే మాట క్షమాపణ కాదు, తప్పును అవతలివారి మనసు మీదికి నెట్టడం. "ఆ రోజు అందరి ముందు మిమ్మల్ని అలా అనడం నా తప్పు. నన్ను క్షమించమని అడగడానికి వచ్చాను" అని చెప్పి, కారణాలు వివరించకుండా ఆగిపోవడం క్షమాపణ. వారు వెంటనే క్షమించకపోవచ్చు, ఆ సమయం వారిది. ఒకవేళ అవతలి వ్యక్తి మిమ్మల్ని హింసించినవారైతే, మనసులో కక్షను దేవునికి అప్పగించడం వేరు, మళ్లీ ఆ ప్రమాదంలోకి నడిచి వెళ్లడం వేరు. రెండోదాన్ని సువార్త మీ నుంచి కోరదు.

మూడో అడుగు: వాగ్దానాన్ని దాని అధ్యాయంతో సహా తీసుకోవడం

కొత్త ఏడాదికి ఒక వాగ్దాన వచనం తీసుకోవడం ఎందరో విశ్వాసులకు ప్రియమైన అలవాటు. దాన్ని నేను తప్పుపట్టను. వచనాన్ని చెట్టు నుంచి ఆకు తెంపినట్టు తెంపుకొని రావడంతోనే నాకు పేచీ.

ఎక్కువగా వినిపించే యిర్మీయా 29:11నే తీసుకుందాం. దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావని, రాబోయే కాలంలో నిరీక్షణ కలుగుతుందని ఆ వచనం చెబుతుంది. అది ఒక ఉత్తరంలోని మాట. క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టుకుపోయినవారికి యిర్మీయా ఆ ఉత్తరం పంపాడు. దానికి ముందున్న అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త, రెండేళ్లలోనే అంతా తిరిగి వచ్చేస్తుందని దేవాలయంలో జనం ముందు ప్రకటించాడు. వినడానికి ఎంతో ఇంపైన ఆ ప్రవచనం అబద్ధం. యిర్మీయా ఉత్తరంలోని లెక్క 70 ఏళ్లు. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడరు. అయినా నిరీక్షణ అనే మాట వారికే రాయబడింది.

మరి వారు ఆ 70 ఏళ్లు ఏం చేయాలి? 5వ వచనం నుంచి జవాబుంది. ఇళ్లు కట్టుకోండి, వాటిలో కాపురముండండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన పట్టణపు క్షేమం కోసమే ప్రార్థన చేయండి. హనన్యా మాట నమ్మినవాడు మూట విప్పడు, పునాది తవ్వడు, రెండేళ్లు ఎలాగో గడిచిపోతాయని కూర్చుంటాడు. యిర్మీయా మాట నమ్మినవాడు గోడ కడతాడు. ఈ తేడా పట్టుబడితే, మీ కొత్త ఏడాది ప్రణాళికలో సగం తానే మారిపోతుంది.

యిర్మీయా తాను చెప్పినదాన్ని తానూ చేసి చూపించాడు. 32వ అధ్యాయంలో బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉంది, ప్రవక్త చెరసాల ప్రాకారంలో బంధించబడి ఉన్నాడు. అటువంటి సమయంలో తన పినతండ్రి కుమారుడైన హనమేలు దగ్గర అనాతోతులోని పొలాన్ని 17 తులాల వెండికి కొన్నాడు. సాక్షుల ముందు వెండి తూచి ఇచ్చి, క్రయపత్రం రాయించి, ఆ పత్రాలు చాలా దినాలు ఉండేలా మంటికుండలో పెట్టమని తన లేఖికుడు బారూకుకు అప్పగించాడు. రేపో మాపో శత్రువు పాలయ్యే భూమిని కొని కాగితాలను అంత భద్రంగా దాచిన మనిషిని చూసి కావలివారు నవ్వుకునే ఉంటారు.

కాబట్టి ఈ ఏడాదికి వచనం తీసుకున్నాక మూడు పనులు చేయండి. ఆ వచనమున్న అధ్యాయం మొత్తాన్ని, వీలైతే ముందూ వెనకా ఉన్న అధ్యాయాలను కూడా వారం రోజులు చదవండి. ఎవరు, ఎవరితో, ఏ స్థితిలో ఆ మాట చెప్పారో మీ సొంత మాటల్లో ఐదారు వాక్యాలు రాయండి. చివరగా, ఆ వాగ్దానం పొందినవారిని దేవుడు అదే అధ్యాయంలో ఏం చేయమన్నాడో వెతికి, దానికి సమానమైన ఒక పనిని మీ ఏడాదిలో రాసుకోండి. యిర్మీయా 29:11 మీ వచనమైతే, ఫలం చూడడానికి మీరుంటారో లేదో తెలియని పని ఒకటి మొదలుపెట్టండి: ఒక చెట్టు నాటడం కావచ్చు, ఒక పిల్లవాడికి చదువు చెప్పడం కావచ్చు, మీకు ఇష్టంలేని ఊరి కోసం, ఇష్టంలేని కార్యాలయం కోసం రోజూ ప్రార్థించడం కావచ్చు.

నాలుగో అడుగు: తీర్మానాలను తగ్గించి రాయడం

జొనాథన్ ఎడ్వర్డ్స్ అనే అమెరికా దైవజనుడు 1722, 1723 సంవత్సరాల్లో, ఇంకా ఇరవై ఏళ్లు నిండకముందే, తన జీవితానికి 70 తీర్మానాలు రాసుకున్నాడు. అంత పొడవైన జాబితాను అనుకరించమని నేను చెప్పను. అయితే రెండు సంగతులు నేర్చుకోదగ్గవి. దేవుని సహాయం లేకుండా వీటిలో ఏదీ చేయలేనని ఆయన మొదటే రాసుకున్నాడు. వారానికి ఒకసారి వాటిని చదువుకోవాలని కూడా నియమం పెట్టుకున్నాడు. మన తీర్మానాలు జనవరిలోనే చచ్చిపోవడానికి వాటిని మళ్లీ చదవకపోవడం ఒక ముఖ్య కారణం.

గలతీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయంలో ఆత్మ ఫలాన్ని తొమ్మిది పేర్లతో వర్ణించారు: ప్రేమ, సంతోషం, సమాధానం, దీర్ఘశాంతం, దయాళుత్వం, మంచితనం, విశ్వాసం, సాత్వికం, ఆశానిగ్రహం. ఈ తొమ్మిదిలో మీ ఇంట్లోవారు మీలో దేని కొరత ఎక్కువగా చూస్తున్నారో వారినే అడగండి. మన ఊహకు, వారి జవాబుకు మధ్య ఉండే దూరం ఒక్కోసారి నవ్వు తెప్పిస్తుంది, ఒక్కోసారి నిద్ర పట్టనివ్వదు. వారు చెప్పిన ఒక్కదాన్ని తీసుకొని, అది కొరవడే స్థలం, సమయం గమనించి, ఆ క్షణంలో చేయవలసిన పనిగా రాయండి. "ఈ ఏడాది ఓపికగా ఉంటాను" అని రాస్తే దాన్ని ఎప్పుడు పాటించాలో తెలియదు. "పిల్లవాడు అదే లెక్క రెండోసారి తప్పు చేసినప్పుడు, నోరు తెరిచే ముందు పుస్తకాన్ని నా వైపు తిప్పుకొని ఆ లెక్కను మొదటి నుంచి చదువుతాను" అని రాస్తే, చేశామో లేదో ఆ రాత్రికే తెలిసిపోతుంది. ఇటువంటివి ఏడాదికి రెండో మూడో చాలు.

శరీరాన్ని ఈ లెక్కలోంచి తప్పించకండి. 1 రాజులు 19వ అధ్యాయంలో చావు కోరుకుంటూ చెట్టు కింద పడుకున్న ఏలీయాను దేవుడు ఉపదేశంతో పలకరించలేదు. నిద్రపోనిచ్చి, దూతచేత రెండుసార్లు రొట్టె, నీళ్లు పెట్టించి, ఆ తరువాతే "ఇచ్చట నీవేమి చేయుచున్నావు" అని అడిగాడు. చాలినంత నిద్రపోతానన్న తీర్మానం కొందరి విషయంలో ఎంతో ఆత్మీయమైన తీర్మానం. ఇక ప్రతి తీర్మానం పైన యాకోబు 4:15లోని "ప్రభువు చిత్తమైతే" అనే మాట రాసుకోండి. అది తప్పించుకోవడానికి పెట్టుకునే షరతు కాదు, రేపటికి యజమాని మనం కాదన్న ఒప్పుకోలు.

ఐదో అడుగు: వాక్యానికి మోయగలిగినంత ప్రణాళిక

ప్రొటెస్టంట్ బైబిలులో 1,189 అధ్యాయాలున్నాయి: పాత నిబంధనలో 929, కొత్త నిబంధనలో 260. ఆరు రోజులు మూడేసి అధ్యాయాలు, ఆదివారం ఐదు అధ్యాయాలు చదివితే ఏడాదిలో గ్రంథమంతా పూర్తవుతుంది. స్కాట్లండు కాపరి రాబర్ట్ మర్రే మెక్‌షేన్ 1842 చివరలో తన సంఘం కోసం తయారుచేసిన ప్రణాళికలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసిసార్లు వస్తాయి. ఆయన దాని లాభాలతో పాటు ప్రమాదాలను కూడా రాశాడు. చదవడం మొక్కుబడిగా మారవచ్చని, చదివామన్న స్వనీతి పుట్టవచ్చని, కొందరికి అది మోయలేని కాడి కావచ్చని ముందే హెచ్చరించాడు.

మొదటిసారి మొదలుపెట్టేవారికి నేను చెప్పేది వేరు. కొత్త నిబంధన 260 అధ్యాయాలను వారానికి ఐదు రోజులు, రోజుకు ఒక్కటి చొప్పున చదివితే సరిగ్గా 52 వారాల్లో పూర్తవుతుంది. మిగిలిన రెండు రోజులు తప్పిపోయినవాటికి, కీర్తనలకు ఉంటాయి. పది రోజులు తప్పిపోతే ఆ అధ్యాయాలన్నీ ఒక్క రాత్రిలో లాగించే ప్రయత్నం చేయకండి. ఈ రోజుది ఈ రోజు చదవండి. విలాపవాక్యములు 3:23 ప్రకారం దేవుని వాత్సల్యం పుట్టేది ఏటా కాదు, అనుదినం. ఆ మాట ఒక పండుగ రోజున రాసింది కాదు, యెరూషలేము కూలిపోయిన తరువాత రాసింది.

ఆరో అడుగు: ఆ రాత్రి, ఆ తరువాత తోడు

డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు వెళ్లగలిగితే వెళ్లండి. లేకపోతే ఇంట్లోనే మీ 12 పేజీలు ముందు పెట్టుకొని, ఒక్కో నెలకు ఒక్కో వాక్యం చొప్పున ప్రార్థించండి. 1862లో ఆ రాత్రి అమెరికాలో నల్లజాతి క్రైస్తవులు ఆలయాల్లో కూడి, మర్నాడు అమలులోకి రావలసిన బానిసల విడుదల ప్రకటన కోసం మెలకువగా కనిపెట్టారు. తెల్లవారి ఆ ప్రకటన వచ్చింది గాని, అది తిరుగుబాటు రాష్ట్రాలకే వర్తించింది. దేశమంతటా బానిసత్వాన్ని రద్దు చేసిన రాజ్యాంగ సవరణ 1865 డిసెంబరులో గాని ఆమోదం పొందలేదు. రాత్రంతా మేల్కొన్నవారు ఇంకా దాదాపు మూడేళ్లు కనిపెట్టవలసి వచ్చింది.

ఈ ఏడాది ఆప్తులను పోగొట్టుకున్నవారికి ఆ రాత్రి బరువుగా ఉంటుంది. వారు ఉత్సాహంగా కనిపించాలని ఎవరూ పట్టుబట్టకూడదు. 1 థెస్సలొనీక 4:13లో పౌలు నిరీక్షణలేని ఇతరుల వలె దుఃఖపడకుండా ఉండండని రాశాడే తప్ప, దుఃఖాన్నే నిషేధించలేదు.

నెలకొకసారి కలిసి మాట్లాడే ఒక్క మనిషిని ఇప్పుడే కుదుర్చుకోండి. మీ తీర్మానాల కాగితం వారికి ఇవ్వండి, వారిది మీరు తీసుకోండి. కలిసినప్పుడు ఏం చదివారు, ఎక్కడ పడ్డారు, ఎవరికి మేలు చేశారు అని అడిగితే చాలు.

మూడు నెలలకొకసారి, అంటే ఏప్రిల్, జులై, అక్టోబరు మొదటి వారాల్లో ఒక గంట కేటాయించి, తేదీలను ఇప్పుడే క్యాలెండరులో రాసిపెట్టండి. ఆ గంటలో, కాసిందా అని కాకుండా, తవ్వానా, ఎరువు వేశానా అని అడగండి. పని చేయని తీర్మానాన్ని కొట్టివేసి, చిన్నదిగా తిరగరాయండి. ఆ అంజూరపు చెట్టు మరుసటి ఏడు కాసిందో లేదో లూకా రాయలేదు. తోటమాలి పనిలోకి దిగిన చోటనే ఉపమానం ఆగిపోయింది.

నేను మాత్రం ఎర్రమూత ఫ్లాస్కు పెద్దాయన ఇంటికి జనవరి మొదటి వారంలో వెళ్లాను. ఏ ఫ్లాస్కు అని ఆయన అడిగారు.